పదివేల వంతు అలజడి శీఘ్ర అయాన్లను ఎలా తరలిస్తుంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకొని మొదలుపెడతాను. వేడి ప్లాస్మాను (అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వాయువును) అయస్కాంత క్షేత్రంతో వలయాకారంలో బంధించే టోకమాక్ యంత్రంలో, క్షేత్రరేఖలు తీగల్లా కంపించడం వల్ల పుట్టే ఆల్ఫ్వెన్ తరంగాల అయస్కాంత అలజడి ప్రధాన క్షేత్రంలో దాదాపు పదివేల వంతే ఉంటుంది కదా, అంత బలహీనమైన తరంగం వేల లేదా లక్షల ఎలక్ట్రాన్ ఓల్టుల (కణాల శక్తికి వాడే కొలమానం) శక్తి గల అయాన్‌ను దాని చోటు నుంచి ఎలా కదిలించగలదు అన్నది మీ ప్రధాన సందేహం. కదిలిన అయాన్లు గోడకు తగిలి పోతాయా లేక ప్లాస్మాలోనే చోటు మారతాయా అని, ఈ కదలికనంతటినీ ఒకే ఒక విసరణ గుణకంతో (కణాలు ఎంత త్వరగా చెదిరి వ్యాపిస్తాయో చెప్పే అంకెతో) లెక్కలోకి తీసుకోవచ్చా అని కూడా అడిగారు.

సూటిగా చెబుతాను. అయాన్‌ను కదిలించేది తరంగపు బలం కంటే, ఆ తరంగానికీ అయాన్ కక్ష్యకూ కుదిరే లయ. లయ కుదిరిన అయాన్ ప్రతి చుట్టులోనూ ఒకే వైపు చిన్న తోపు పొందుతుంది. పైగా అది తరంగానికి ఇచ్చే శక్తి కొద్దిదే అయినా, ఆ కొద్ది శక్తికి చెల్లుగా చాలా దూరం బయటికి జరగవలసి వస్తుంది. రెండో ప్రశ్నకు సమాధానం: ఎక్కువ సందర్భాల్లో అయాన్లు ప్లాస్మాలోనే చోటు మారతాయి, గోడకు చేరేవి తక్కువ, కానీ ఆ తక్కువే పరికరానికి హాని చేయగలవు. మూడో దానికి సమాధానం: కొన్ని పరిస్థితుల్లో మాత్రమే, అదీ జాగ్రత్తగా. ఈ మూడో విషయంలో నేను స్వయంగా పొరబడిన అనుభవం ఉంది, కింద చెబుతాను.

శీఘ్ర అయాన్లు అంటే ప్లాస్మాలోని మామూలు అయాన్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ శక్తి గలవి. ఇవి మూడు విధాలుగా వస్తాయి: ప్లాస్మాలోకి వేగంగా పంపే తటస్థ కణ పుంజాల నుంచి, రేడియో తరంగాలతో వేడిచేయడం వల్ల, డ్యుటీరియం, ట్రీషియం అనే భారీ హైడ్రోజన్ కేంద్రకాలు కలిసిపోయే సంలీనం వల్ల. సంలీనంలో పుట్టే ఆల్ఫా కణానికి (హీలియం కేంద్రకానికి) 35 లక్షల ఎలక్ట్రాన్ ఓల్టుల శక్తి ఉంటుంది, అంటే సంలీన శక్తిలో ఐదో వంతు. మిగిలిన నాలుగు వంతులు న్యూట్రాన్‌తో బయటికి వెళ్లిపోతాయి కనుక, ప్లాస్మా తనను తాను వేడిగా ఉంచుకోవడానికి ఆధారపడేది ఈ ఆల్ఫా కణాల పైనే. ఫ్రాన్స్‌లో నిర్మిస్తున్న ఇటర్ అనే పెద్ద టోకమాక్‌లో అనుకున్న 500 మెగావాట్ల సంలీన శక్తిలో 100 మెగావాట్లు ఆల్ఫాల వాటా. బయటి నుంచి ఇచ్చే వేడి 50 మెగావాట్లు. ఆల్ఫాలు తమ శక్తిని ఎలక్ట్రాన్లకూ అయాన్లకూ అప్పగించేలోపు ప్లాస్మా మధ్యభాగాన్ని వదిలి వెళితే ఏమవుతుందో ఈ అంకెలే చెబుతున్నాయి.

అస్థిరతలు లేని ప్రశాంతమైన ప్లాస్మాలో ఈ అయాన్లు చాలా క్రమశిక్షణతో ఉంటాయి. మామూలు అయాన్ల వేడి బయటికి పోయే వేగాన్ని విసరణ గుణకంగా చెబితే అది సెకనుకు ఒక చదరపు మీటరు స్థాయిలో ఉంటుంది; ప్రశాంత స్థితిలో శీఘ్ర అయాన్లకు అది పదో వంతు లేదా అంతకన్నా తక్కువ. అవి అభిఘాతాల వల్ల, అంటే ఇతర కణాలను ఢీకొనడం వల్ల, నెమ్మదించే తీరు కూడా సిద్ధాంతం చెప్పినట్టే ఉంటుంది. అందుకే కొలత సిద్ధాంతం నుంచి పక్కకు జరిగిన ప్రతిసారీ మేము మొదట వెతికేది ఏ అస్థిరత పుట్టిందన్నదే.

ఇక లయ సంగతి. ఇటర్ కొలతలతో చూద్దాం: ప్రధాన వ్యాసార్థం (వలయం కేంద్రం నుంచి ప్లాస్మా గొట్టం మధ్య వరకు దూరం) 6.2 మీటర్లు, క్షేత్రం 5.3 టెస్లాలు. అప్పుడే పుట్టిన ఆల్ఫా వేగం సెకనుకు సుమారు 1.3 కోట్ల మీటర్లు. అయస్కాంత రేఖల వెంట సాగుతూ అది ప్లాస్మా గొట్టపు అడ్డుకోత చుట్టూ ఒక తిరుగుడు పూర్తిచేయడానికి కొన్ని మైక్రోసెకన్లు చాలు. అది నెమ్మదించడానికి పట్టే కాలం సెకను స్థాయిలో ఉంటుంది. అంటే తన జీవితంలో అది లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. ఒక్కో చుట్టులో పొందే తోపు ఎంత చిన్నదైనా, అది ఎప్పుడూ ఒకే దిశలో ఉంటే ఫలితం పెద్దదే అవుతుంది. లయ కుదరని అయాన్‌కు ఒక చుట్టులో బయటికి, మరో చుట్టులో లోపలికి తోపు తగులుతుంది. చివరికి మిగిలేది సున్నాకు దగ్గర.

లయ కుదరడానికి నియమం ఇది: తరంగ పౌనఃపున్యం, అయాన్ వలయం చుట్టూ తిరిగే పౌనఃపున్యానికి ఎన్ రెట్లలోంచి, అడ్డుకోత చుట్టూ తిరిగే పౌనఃపున్యానికి ఏదో ఒక పూర్ణ సంఖ్య రెట్లను తీసివేస్తే వచ్చేదానికి సమానం కావాలి. ఇక్కడ ఎన్ అంటే వలయం చుట్టూ ఆ తరంగానికి ఉండే శిఖరాల సంఖ్య. అయాన్ తిరిగే పౌనఃపున్యాలు దాని శక్తి మీద, క్షేత్రరేఖతో అది చేసే కోణం మీద, అది ఉన్న చోటు మీద ఆధారపడతాయి. కాబట్టి ఒక తరంగం అన్ని శీఘ్ర అయాన్లనూ పట్టుకోదు. స్థానం, శక్తి, కోణం అనే మూడు అక్షాల ఊహా చిత్రంలో కొన్ని సన్నని పొరల మీద ఉన్నవాటినే పట్టుకుంటుంది. ఈ సన్నని పొరలను అనునాద రేఖలని పిలుస్తాను. ఈ సమాధానంలో ఇకపై వచ్చే ప్రతి విషయానికీ మూలం ఈ రేఖలే.

ఇప్పుడు అసలైన విషయానికి వస్తాను. చాలామంది విద్యార్థులు సూత్రాన్ని కంఠస్థం చేసి దీని అర్థాన్ని వదిలేస్తారు. వలయం చుట్టూ సౌష్ఠవం ఉన్నంతకాలం, అయాన్‌కు వలయ దిశలో ఉండే కోణీయ ద్రవ్యవేగం మారదు. అందులో రెండు భాగాలున్నాయి. ఒకటి ద్రవ్యరాశి, వేగం, వ్యాసార్థాల లబ్ధమైన మామూలు భాగం. రెండోది అయాన్ ఆవేశాన్ని అది ఉన్న చోటి అయస్కాంత అభివాహంతో గుణిస్తే వచ్చేది. ప్లాస్మాలో ఉల్లిపొరల్లా ఒకదానిలో ఒకటి ఉండే అయస్కాంత ఉపరితలాల్లో అయాన్ దేని మీద ఉందో ఈ రెండో భాగం చెబుతుంది. ఒక విధంగా అది అయాన్ స్థానానికి మారుపేరు. తరంగం వచ్చినప్పుడు శక్తీ నిలకడగా ఉండదు, ఈ కోణీయ ద్రవ్యవేగమూ నిలకడగా ఉండదు. అయితే ఆ రెండింటిలో వచ్చే మార్పులు ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి: శక్తిలో మార్పును ఎన్‌తో గుణిస్తే, అది కోణీయ ద్రవ్యవేగంలో మార్పును తరంగపు కోణీయ పౌనఃపున్యంతో గుణించినదానికి సమానం. ఆల్ఫ్వెన్ తరంగాల పౌనఃపున్యం అయాన్ తన క్షేత్రరేఖ చుట్టూ గిర్రున తిరిగే పౌనఃపున్యం కంటే చాలా తక్కువ. తక్కువ పౌనఃపున్యంతో భాగించినప్పుడు స్థానంలో మార్పు పెద్దదవుతుంది.

అంకెలతో చూడండి. 80 వేల ఎలక్ట్రాన్ ఓల్టుల డ్యుటీరియం అయాన్ ఒకటి, 1.7 మీటర్ల ప్రధాన వ్యాసార్థం గల టోకమాక్‌లో ఉందనుకుందాం. అడ్డుకోత చుట్టూ తిరిగే పోలాయిడల్ క్షేత్రం 0.2 టెస్లా, తరంగం 100 కిలోహెర్ట్జ్, ఎన్ విలువ 5. ఆ అయాన్ తరంగానికి 10 వేల ఎలక్ట్రాన్ ఓల్టులు, అంటే తన శక్తిలో ఎనిమిదో వంతు ఇచ్చిందనుకోండి. పై సంబంధంలో అంకెలు పెడితే, మామూలు భాగంలో వచ్చే చిన్న మార్పును పక్కన పెట్టినప్పుడు, అది సుమారు 23 సెంటీమీటర్లు బయటికి జరగాలి. అటువంటి యంత్రంలో ప్లాస్మా చిన్న వ్యాసార్థం, అంటే గొట్టపు వ్యాసార్థం, 60 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. అంటే ఎనిమిదింట ఏడు వంతుల శక్తిని తన దగ్గరే ఉంచుకున్న అయాన్, మధ్యభాగంతో సంబంధం తెగిపోయేంత దూరం వెళ్లిపోయింది. తరంగం అయాన్‌ను నెమ్మదింపజేయడం లేదు, తరలిస్తోంది అనడానికి ఇదే ఆధారం.

దీనికి ఎంత కాలం పడుతుంది? ఆ అయాన్ వేగం సెకనుకు దాదాపు 28 లక్షల మీటర్లు. అందులో పదివేల వంతు తీసుకుంటే సెకనుకు 280 మీటర్లు. క్షేత్రరేఖ వంగడం వల్ల వచ్చే కదలికలో అధిక భాగాన్ని తరంగపు విద్యుత్ క్షేత్రం వల్ల వచ్చే కదలిక రద్దు చేస్తుంది కాబట్టి ఇది గరిష్ఠ హద్దు మాత్రమే. అందులో పదో వంతే మిగిలినా 23 సెంటీమీటర్లు జరగడానికి పది మిల్లీసెకన్లు చాలు. ఇటువంటి యంత్రంలో పుంజం అయాన్ నెమ్మదించడానికి పదుల మిల్లీసెకన్లు పడుతుంది. తరంగం చిన్నదన్న మీ అభ్యంతరం అక్కడితో తీరుతుందని అనుకుంటాను.

తరంగం ఎందుకు పెరుగుతుందన్నది ఇదే లెక్కకు రెండో ముఖం. మధ్యలో శీఘ్ర అయాన్లు ఎక్కువ, అంచున తక్కువ. అయాన్లు బయటికి జరిగితే తరంగానికి శక్తి అందుతుంది. లోపల ఎక్కువ మంది ఉన్నారు కనుక బయటికి జరిగేవి లోపలికి వచ్చేవాటి కంటే ఎక్కువ. మొత్తం మీద తరంగం పెరుగుతుంది. అందుచేత తరంగం పెరగడం, అయాన్లు తరలడం అనేవి రెండు వేర్వేరు సంఘటనలు కావు. మరోవైపు శక్తి పెరిగేకొద్దీ అయాన్ల సంఖ్య తగ్గుతుంది కనుక ఆ ప్రవణత తరంగాన్ని అణచివేస్తుంది. ఎన్ పెద్దదయ్యేకొద్దీ స్థానపు ప్రవణతదే పైచేయి అవుతుంది. మామూలు అయాన్లూ ఎలక్ట్రాన్లూ తరంగాన్ని పీల్చుకునే డాంపింగ్‌ను ఈ తోపు మించినప్పుడే అస్థిరత పుడుతుంది.

ఈ తరంగాలు క్షేత్రరేఖల వెంట సాగే వేగం, అంటే ఆల్ఫ్వెన్ వేగం, ఎందుకు కీలకమో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఇటర్ మధ్యభాగంలో అది సెకనుకు 70 లక్షల మీటర్ల స్థాయి. ఆల్ఫా దానికంటే వేగంగా పుట్టి, నెమ్మదిస్తూ ఆ వేగాన్ని దాటుతుంది. అక్కడ వాడదలచిన 10 లక్షల ఎలక్ట్రాన్ ఓల్టుల పుంజం అయాన్ల వేగం కూడా 98 లక్షల మీటర్లు, అంటే అవీ ఆల్ఫ్వెన్ వేగానికి పైనే. మామూలు తరంగమైతే ప్రక్క పొరల వేర్వేరు పౌనఃపున్యాల వల్ల త్వరగా చెదిరిపోతుంది. అయితే వలయం వంపు వల్ల ఆ పౌనఃపున్యాల వరుసలో ఒక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో చెదిరిపోకుండా నిలిచే తరంగాన్ని టొరాయిడల్ ఆల్ఫ్వెన్ ఐగెన్‌మోడ్ అంటారు. 1980ల మధ్యలో చెంగ్, చెన్, చాన్స్ దీన్ని సిద్ధాంతంలో చూపారు. 1991లో అమెరికాలోని టీఎఫ్‌టీఆర్, డీ-త్రీ-డీ అనే టోకమాక్ యంత్రాల్లో ఇది ప్రయోగంలో కనిపించింది. పుంజం అయాన్లు ఆల్ఫ్వెన్ వేగాన్ని అందుకోవడానికి వీలుగా ఆ ప్రయోగాల్లో అయస్కాంత క్షేత్రాన్ని కావాలనే తగ్గించారు. డీ-త్రీ-డీలో అత్యంత తీవ్రమైన సందర్భాల్లో పుంజం శక్తిలో 70 శాతం వరకు పోయింది. ఇది అసాధారణమైన అంకె. అందరూ దీన్నే ఉదహరిస్తారు. తక్కువ క్షేత్రం, బలమైన పుంజం కలిసిన స్థితి అదని మాత్రం మరచిపోకూడదు.

దీనికంటే ముందు పాఠం 1983లో పీడీఎక్స్ అనే టోకమాక్ యంత్రం నుంచి వచ్చింది. క్షేత్రానికి దాదాపు లంబంగా పుంజం పంపినప్పుడు, క్షేత్రపు మార్పులను కొలిచే అయస్కాంత చుట్టల సంకేతంలో చేప ముల్లు ఆకారపు పేలుళ్లు కనిపించాయి; అందుకే వాటికి ఫిష్‌బోన్ అనే పేరు స్థిరపడింది. ఆ పేలుళ్ల వల్ల పుంజం ఇచ్చే వేడిలో 20 నుంచి 40 శాతం నష్టమైంది. అరటిపండు ఆకారపు కక్ష్యలో ముందుకూ వెనక్కూ ఊగుతూ చిక్కుకున్న అయాన్లు వలయం చుట్టూ మెల్లగా జరిగే పౌనఃపున్యం, ప్లాస్మా మధ్యభాగం వంకర తిరిగే కింక్ అలజడి పౌనఃపున్యంతో కలవడమే కారణమని 1984లో చెన్, వైట్, రోజెన్‌బ్లూత్ వివరించారు. గమనించండి: తరంగం వేరు, అయాన్ల తరగతి వేరు, కానీ లయ నియమమూ, శక్తికీ స్థానానికీ మధ్య బంధమూ మళ్లీ అవే.

ఇప్పుడు ఒక ఇబ్బంది ఉంది. పైన వేసిన 23 సెంటీమీటర్ల లెక్క, ఆ దారి పొడవునా తరంగం ఉందనీ, లయ చెడిపోలేదనీ ఊహించింది. నిజంలో తరంగానికి వెడల్పు పరిమితం, ఎన్ పెరిగేకొద్దీ అది ఇంకా సన్నబడుతుంది. అయాన్ జరిగేకొద్దీ దాని పౌనఃపున్యాలు మారి లయ తప్పుతుంది. ఒకే తరంగం ఉంటే అయాన్ అనునాద రేఖకు అటూ ఇటూ ఊగుతూ, ఒక ద్వీపం లాంటి చోట చిక్కుకుంటుంది. ఆ ద్వీపపు వెడల్పు తరంగపు కంపన పరిమితికి (అలజడి ఎత్తుకు) వర్గమూలంగా పెరుగుతుంది. అక్కడ అయాన్ల సాంద్రత చదునై, తోపు తగ్గి, తరంగం పెరగడం ఆగుతుంది. నష్టం అంతటితో ముగుస్తుంది, అది పెద్దది కాదు.

ద్వీపాలు ఒకదానిపై ఒకటి పడినప్పుడే పరిస్థితి మారుతుంది. ఒక ద్వీపాన్ని దాటిన అయాన్ వెంటనే పక్క తరంగపు ద్వీపంలో అడుగుపెడుతుంది. అక్కడి నుంచి మరో దానిలోకి. కక్ష్య క్రమం తప్పి, మధ్య నుంచి అంచు వరకు అయాన్‌కు దారి తెరుచుకుంటుంది. డీ-త్రీ-డీలో 2007లో ప్రచురితమైన ప్రయోగం దీనికి నాకు తెలిసిన అత్యంత స్పష్టమైన సాక్ష్యం. అప్పుడు కనిపించిన తరంగాలు పెక్కు, ఒక్కొక్కటీ పదివేల వంతు స్థాయిదే. కానీ సాంద్రత శిఖరంలా ఉండవలసిన మధ్యభాగంలో శీఘ్ర అయాన్ల రేఖ దాదాపు చదునుగా వచ్చింది. కొలిచిన తరంగాలనే తీసుకొని రాస్కో వైట్, ఆయన సహచరులు అయాన్ కక్ష్యలను లెక్కించినప్పుడు, అన్ని చిన్న తరంగాలూ కలిసి కక్ష్యలను అస్తవ్యస్తం చేసే హద్దును దాటగలవని తేలింది. ఆ తర్వాత 2016లో అదే యంత్రం నుంచి వచ్చిన ఫలితం ఇంకా ఉపయోగకరమైనది: పుంజం శక్తిని మెల్లగా పెంచుతూ పోతే, ఒక హద్దు వరకు తరలింపు అంతగా కనిపించదు, హద్దు దాటగానే ఒక్కసారిగా పెరిగి, ఎంత పుంజం కలిపినా అయాన్ల ప్రవణత అంతకు మించి పెరగదు. ఆ హద్దు తరంగాలు పుట్టే హద్దుకు పైన ఉంది. పైగా అన్ని అయాన్లకూ ఒకటే కాదు, శక్తినీ కోణాన్నీ బట్టి మారుతుంది.

ఈ చివరి మాట మీ మూడో ప్రశ్నకు సంబంధించినది, నా పొరపాటుకూ సంబంధించినదే. చాలా ఏళ్ల క్రితం నేను న్యూట్రాన్ గణనల విశ్లేషణలో కొత్తగా చేరినప్పుడు, ఒక మధ్యస్థాయి టోకమాక్ డిశ్చార్జిలో (ఒకసారి ప్లాస్మాను పుట్టించి నడిపిన ప్రయోగంలో) న్యూట్రాన్లు లెక్కకు తగ్గట్టు రావడం లేదు. పుంజం అయాన్లు ప్లాస్మాలోని అయాన్లను ఢీకొనడం వల్లే అక్కడ ఎక్కువ న్యూట్రాన్లు వస్తాయి కనుక, లోటుకు అర్థం శీఘ్ర అయాన్లు మధ్య నుంచి జరిగాయని. నేను అన్ని శక్తులకూ, అన్ని కోణాలకూ ఒకే విసరణ గుణకం పెట్టి, న్యూట్రాన్ గణన సరిపోయే వరకు దాన్ని పెంచాను. గణన చక్కగా కుదిరింది, నేను సంతోషించాను. తర్వాత అదే గుణకంతో పుంజం నడిపే విద్యుత్ ప్రవాహాన్ని లెక్కిస్తే, కొలతకు దగ్గరగా కూడా రాలేదు. డాప్లర్ మార్పు చెందిన కాంతితో శీఘ్ర అయాన్లను చూసే వర్ణపట కొలత మరింత స్పష్టంగా తప్పు చూపింది: ఒక కోణంలో వెళ్లే అయాన్లు బాగా తగ్గాయి, మరో కోణంలోనివి అసలు కదలనట్టే ఉన్నాయి. నేను చేసింది ఒక్క అంకెను సరిపెట్టడం. తరంగం చేసింది కొన్ని పొరల మీది అయాన్లను ఎంపికచేసి తరలించడం. న్యూట్రాన్ గణన అన్ని పొరలనూ కలిపి ఒకే మొత్తంగా చూపిస్తుంది కాబట్టి ఆ తేడా దానిలో దాగిపోయింది. అప్పటి నుంచి ఒకే కొలతతో కుదిరిన తరలింపు నమూనాను నేను నమ్మను. కనీసం రెండు కొలతలైనా ఉండాలి, అవి వేర్వేరు తరగతుల అయాన్లను చూసేవి కావాలి.

తరలింపు తీరుల్లోనూ తేడాలున్నాయి. తరంగంతో లయ కుదిరి, కక్ష్య ఇప్పటికే అంచుకు దగ్గరగా ఉన్న అయాన్లు నేరుగా కొట్టుకుపోతాయి. ఆ నష్టం కంపన పరిమితికి అనులోమంగా పెరుగుతుంది, తరంగపు పౌనఃపున్యంతోనే ఎగసిపడుతుంది. క్రమం తప్పిన కక్ష్యల వల్ల మెల్లగా బయటికి పాకే నష్టం కంపన పరిమితి వర్గానికి అనులోమం. గోడ దగ్గర పెట్టిన, అయాన్ తగిలితే మెరిసే తెర గల కొలత పరికరంతో జర్మనీలోని ఆస్‌డెక్స్ అప్‌గ్రేడ్ యంత్రంలో ఈ రెండింటినీ విడివిడిగా చూడగలిగారు. నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది మూడో తీరు: చాలా తరంగాలు ఒకదాని తర్వాత ఒకటి రగిలి, మంచుచరియలా ఒకేసారి విరుచుకుపడేది. అమెరికాలోని ఎన్‌ఎస్‌టీఎక్స్ యంత్రంలో ఇటువంటివి చూశారు. ఒక్కో పేలుడుతో న్యూట్రాన్ గణన మెట్టు దిగినట్టు పడిపోయేది. అధిక శక్తి పుంజం గల జపాన్ యంత్రం జేటీ-60యూలో కూడా అకస్మాత్తుగా వచ్చే పెద్ద పేలుళ్లు మధ్యలోని శీఘ్ర అయాన్లను బయటికి నెట్టాయి. సగటు మీద పనిచేసే ఏ గుణకమూ ఇటువంటి దాన్ని వర్ణించజాలదు. ఇలాంటి సందర్భాల్లో తరచూ తరంగపు పౌనఃపున్యం ఒక మిల్లీసెకనులోనే జారుతూ పోతుంది. అంటే అనునాద రేఖ కదులుతూ తనలో చిక్కిన అయాన్లను వెంట తీసుకుపోతుంది. బెర్క్, బ్రైజ్‌మాన్ 1990లలో ఈ ప్రవర్తనకు గణిత రూపం ఇచ్చారు.

మిగతా అస్థిరతల గురించి క్లుప్తంగా. మధ్యభాగపు ఉష్ణోగ్రత మెల్లగా పెరిగి ఒక్కసారిగా పడిపోయే సాటూత్ పతనం మధ్యభాగాన్ని కలియబెట్టినప్పుడు, తక్కువ శక్తితో ఎక్కడా చిక్కుకోకుండా వలయం చుట్టూ సాగిపోయే అయాన్లు దానితో పాటే కలిసిపోతాయి. అధిక శక్తితో అరటిపండు కక్ష్యల్లో ఉన్నవి మాత్రం పతనం పూర్తయ్యేలోపే వలయం చుట్టూ తిరిగి, ఆ అలజడిని సగటు చేసుకొని, చాలావరకు చోటు మారకుండా నిలుస్తాయి. పెద్ద అయస్కాంత ద్వీపాలూ (ఇవి పైన చెప్పిన ద్వీపాలు కావు, క్షేత్రరేఖలే విడిగా చుట్టుకుపోయే చోట్లు) శీఘ్ర అయాన్లను కదిలిస్తాయి, ముఖ్యంగా రెండు మూడు ఒకేసారి ఉన్నప్పుడు. సూక్ష్మ అల్లకల్లోలం విషయంలో వాదోపవాదాలు జరిగాయి. శీఘ్ర అయాన్ కక్ష్య వెడల్పుగా ఉండటం వల్ల చిన్న సుడులు దానికి సగటుగా సున్నా అవుతాయి. కాబట్టి అయాన్ శక్తి ప్లాస్మా ఉష్ణోగ్రతకు పది రెట్లు దాటితే ఆ ప్రభావం బాగా తగ్గుతుంది. ఉష్ణోగ్రతకు కొద్ది రెట్లే ఉన్న పుంజం అయాన్ల విషయంలో దాన్ని పట్టించుకోవాలి. ఆల్ఫాల విషయంలో, అవి పూర్తిగా నెమ్మదించే చివరి దశలో తప్ప, నేను దీని గురించి కలత చెందను.

గోడ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే తరలింపు, నష్టం అనే రెండు మాటలను చాలామంది కలిపేస్తారు. మధ్య నుంచి సగం వ్యాసార్థానికి జరిగిన అయాన్ పోలేదు. దాని వేడి ప్లాస్మాకే అందుతుంది, కానీ అవసరం లేని చోట అందుతుంది. అది నడిపే విద్యుత్ ప్రవాహమూ చోటు మారుతుంది. సంలీన రేటు మధ్యభాగపు ఉష్ణోగ్రత మీద ఎంతో ఆధారపడి ఉన్నందున ఇదే పెద్ద దెబ్బ. నిజంగా గోడకు చేరే అయాన్లు మొత్తం శక్తిలో స్వల్ప భాగమే అయినా, అవి గోడ అంతటా సమంగా పడవు. వలయ దిశలో క్షేత్రాన్ని పుట్టించే టొరాయిడల్ చుట్టలు విడివిడిగా ఉండటం వల్ల వాటి మధ్య క్షేత్రం కాస్త బలహీనపడుతుంది. ఆల్ఫ్వెన్ తరంగం నెట్టిన అయాన్ ఆ బలహీనమైన గుంటలో చిక్కి, నిటారుగా ఒకే చోటికి జారిపోతుంది. టీఎఫ్‌టీఆర్‌లో రేడియో తరంగాలతో వేడిచేసిన అయాన్లు ఈ దారిలోనే వెళ్లి శూన్య పాత్రకు హాని చేశాయి. తరంగం ఒక్కటే ఉంటే ఆ అయాన్లు అక్కడికి చేరేవి కావు, గుంటలు మాత్రమే ఉన్నా చేరేవి కావు. రెండు చిన్న లోపాలు కలిసినప్పుడు వచ్చే నష్టం, వాటి విడివిడి నష్టాల మొత్తం కంటే ఎంతో ఎక్కువ.

ఇటర్‌కు ఇవన్నీ ఎలా వర్తిస్తాయి? అక్కడ అప్పుడే పుట్టిన ఆల్ఫా క్షేత్రరేఖ చుట్టూ తిరిగే వ్యాసార్థం 5 సెంటీమీటర్లు, ప్లాస్మా చిన్న వ్యాసార్థం 2 మీటర్లు. ఇప్పటి యంత్రాల్లో ఈ నిష్పత్తి ఇంత తక్కువ కాదు. యంత్రం పెద్దదయ్యేకొద్దీ ఎక్కువగా పెరిగే తరంగాల ఎన్ విలువ పెరుగుతుంది; ఇటర్‌లో అది పదికి పైన ఉంటుందని లెక్కలు చెబుతున్నాయి. ఒక్కో తరంగం సన్నగా ఉంటుంది కాబట్టి ఒక్కటే అయితే ఆల్ఫాను ఎక్కువ దూరం తీసుకుపోలేదు. కానీ అటువంటివి పదుల సంఖ్యలో పక్కపక్కనే ఉండవచ్చు. అందువల్ల అక్కడి ప్రశ్న ఏ తరంగం ఎంత ఎత్తుకు పెరుగుతుందన్నది మాత్రమే కాదు, వాటి ద్వీపాలు ఒకదానికొకటి అంటుకుంటాయా అన్నది. టీఎఫ్‌టీఆర్‌లో 1990లలో చేసిన డ్యుటీరియం ట్రీషియం ప్రయోగాల్లో ఆల్ఫాలే రగిలించిన తరంగాలు కనిపించాయి. కానీ పుంజం ఆపివేసి, పుంజం అయాన్ల డాంపింగ్ తగ్గాకే, చాలా చిన్న కంపన పరిమితితో అవి కనిపించాయి. దాన్ని చూసి నిశ్చింతగా ఉండటం నాకు సరి అనిపించదు, ఎందుకంటే అక్కడ ఆల్ఫాల పీడనం ఇటర్‌లో ఉండబోయేదానికి చాలా తక్కువ. 70 శాతం నష్టాన్ని ఇటర్‌కు అంటగట్టి భయపడటమూ అంతే తప్పు.

అదుపు చేయడానికి మార్గాలున్నాయి. పుంజం శక్తినీ, అది ప్రవేశించే కోణాన్నీ మార్చి అయాన్లను అనునాద రేఖలకు దూరంగా ఉంచవచ్చు. మైక్రోవేవ్ తరంగాలతో ఎలక్ట్రాన్లను సరైన చోట వేడిచేస్తే డీ-త్రీ-డీలో కొన్ని తరగతుల ఆల్ఫ్వెన్ తరంగాలు అణగిపోయాయి. విద్యుత్ ప్రవాహపు రూపాన్ని మార్చి, తరంగాలు నిలిచే ఖాళీలను వేరుచేయవచ్చు. వీటిలో నాకు ఎక్కువ నమ్మకం మూడో దాని మీద. ఎందుకంటే ఆల్ఫాలు పుట్టే కోణాన్ని గానీ శక్తిని గానీ మనం ఎంచుకోలేము. అవి అన్ని దిశల్లోనూ ఒకే శక్తితో పుడతాయి. పుంజానికి పనిచేసిన ఉపాయం వాటికి పనిచేయదు.

మీరు సొంతంగా లెక్క మొదలుపెడుతున్నారని రాశారు కనుక, నేను పాటించే క్రమం చెబుతాను. ముందు తరంగాలు లేవనుకొని, అభిఘాతాలు మాత్రమే ఉన్న లెక్క వేసి, కొలతతో పోల్చండి. లోటు ఎంతో, ఎప్పుడు మొదలైందో రాసుకోండి. ఆ సమయంలో అయస్కాంత చుట్టల సంకేతంలో ఏయే పౌనఃపున్యాలు ఉన్నాయో చూసి, ఒక్కో తరంగానికి ఎన్ విలువ నిర్ణయించండి. తర్వాత ఒక స్థిరమైన అయస్కాంత భ్రామకం (క్షేత్రరేఖ చుట్టూ అయాన్ గిర్రున తిరగడానికి సంబంధించిన రాశి) ఎంచుకొని, శక్తి ఒక అక్షంగా, కోణీయ ద్రవ్యవేగం మరో అక్షంగా తీసుకొని, ప్రతి తరంగానికీ అనునాద రేఖలు గీయండి. అదే బొమ్మలో మీ పుంజం అయాన్లు ఎక్కడ పుడుతున్నాయో, ఏ హద్దు దాటితే కక్ష్య గోడకు తగులుతుందో గుర్తించండి. ఒక్కో రేఖ చుట్టూ కొలిచిన కంపన పరిమితికి తగ్గ ద్వీపపు వెడల్పు వేయండి. ఆ వెడల్పులు ఒకదానిపై ఒకటి పడిన చోట మాత్రమే విసరణ గుణకం వాడండి, అదీ ఆ ప్రాంతానికి పరిమితం చేసి. రేఖలు విడివిడిగా ఉన్న చోట, పౌనఃపున్యం జారుతున్న చోట, కక్ష్యలను నేరుగా లెక్కించడం తప్ప దగ్గరి దారి లేదు.